అట్టతో కోటాసారస్

అట్టపెట్టెని ఎప్పుడైనా చింపి చూశారా? రెండు కాగితాల మధ్య అలలు అలలుగా మడతపడ్డ మూడో కాగితం ఒకటి ఉంటుంది. ఆ అలలు నిలువుగా ఉన్నంతసేపు అట్ట బరువు మోస్తుంది. అడ్డంగా తిప్పారా, అదే అట్ట చేతికింద వంగిపోతుంది. గోడౌన్లలో పెట్టె మీద పెట్టె, దాని మీద ఇంకో పెట్టె ఎక్కించి ధీమాగా వదిలేస్తారంటే కారణం ఇదే, పక్క గోడల్లో అలలన్నీ నిలువుగా పెడతారు. ఐదేళ్ళు ఆర్కిటెక్చర్ చదివాను. స్ట్రక్చర్స్‌లో చేత్తో పట్టుకుని నేర్చుకున్న మొదటి పాఠం మాత్రం ఇదేననుకుంటా. అది కూడా క్లాసులో కాదు, ఒక డైనోసార్ కాలి దగ్గర.

2019 సెప్టెంబర్‌లో మా కాలేజీ ఫెస్ట్‌లో ఆ పోటీ పెట్టారు. నలుగురేసి ఒక టీము, 48 గంటలు. అట్ట, కాగితం, జిగురు, దారం తప్ప ఇంకేమీ వాడకూడదు. నిజమైన సైజులో ఒక డైనోసార్ అస్థిపంజరం కట్టాలి, అది ఎవరూ పట్టుకోకుండా, దేనికీ ఆనుకోకుండా గంటసేపు నిలబడాలి. నిలబడినందుకు 40 మార్కులు, ఎముకలు సరిగ్గా ఉన్నందుకు 30, ఫినిషింగ్‌కి 30. మొదటి బహుమతి 40 వేలు, రెండోది 15 వేలు. మూడో బహుమతి లేదు, సర్టిఫికెట్ ఇస్తారు.

హాస్టల్లో ఊరి పేర్లే మనుషుల పేర్లు. మా టీములో భీమవరం, కడప నా క్లాసే. చెన్నూరు మొదటి సంవత్సరం పిల్లాడు, అడ్మిషన్ అయి నెలన్నర. నేను హైదరాబాదే కాబట్టి నా పేరు సిటీ. పొడవైన అట్టని కట్టర్‌తో ఒకే గీతలో కోసేవాడు కావాలని, మోడల్ మేకింగ్ క్లాసులో అతని చెయ్యి చూసి భీమవరమే పట్టుకొచ్చింది. వాడు ఎందుకు ఒప్పుకున్నాడో తర్వాత తెలిసింది. మెస్ బకాయి 18,500 ఉంది. అది కట్టకపోతే సెమిస్టర్ హాల్ టికెట్ ఇవ్వమన్నారు. ఇంట్లో పత్తి. ఆ ఏడు వానలకి ఆ పత్తి ఎలా ఉందో వాడు చెప్పలేదు, మేం అడగలేదు.

ఏ డైనోసార్ చెయ్యాలి? మొత్తం తొమ్మిది టీములు, అందులో ఐదు టీ రెక్స్‌కి వెళ్ళిపోయాయి. భీమవరం రాజాసారస్ అంది, పేరు పవర్‌ఫుల్‌గా ఉందని. నిజమే, సినిమా టైటిల్‌లా ఉంటుంది. గుజరాత్‌లో దొరికిన ఎముకలకి 2003లో పెట్టిన పేరు. నేను కోటాసారస్ అన్నాను. ముగ్గురూ నా వైపు చూశారు. "రాజస్థాన్ కోటానా?" అని కడప.

హైదరాబాద్‌లో పెరిగిన పిల్లలందరూ కోటాసారస్‌ని చూసే ఉంటారు. స్కూల్ బస్సులో బిర్లా సైన్స్ సెంటర్‌కి తీసుకెళ్తారు. ప్లానెటేరియంలో సగంమంది నిద్రపోతారు, తర్వాత డైనోసార్ దగ్గర లైన్లో నిలబెడతారు. పేరు మాత్రం ఒక్కరికీ గుర్తుండదు. అదేదో అమెరికా నుంచి తెచ్చారనుకుంటారు. నేనూ డిగ్రీ వయసు వచ్చేదాకా అలాగే అనుకున్నాను. అది మన ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాదే. ప్రాణహిత, గోదావరి లోయలో కోటా అని పిలిచే రాతిపొర ఒకటుంది, జురాసిక్ కాలం మొదటి భాగానిది. ఆ పొరలో యామన్‌పల్లి అనే ఊరి దగ్గర 1970ల్లో జియలాజికల్ సర్వే వాళ్ళు ఎముకలు తవ్వి తీశారు. ఒక జంతువువి కావు, కనీసం పన్నెండింటివి, కలగలిసి. యాదగిరి అనే శాస్త్రవేత్త 1988లో దానికి పేరు పెట్టాడు: కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్. ఒక తెలుగు పల్లె పేరు లాటిన్ తోక తగిలించుకుని ప్రపంచంలోని డైనోసార్ పుస్తకాల్లో తిరుగుతోంది. నాకు ఇప్పటికీ కొంచెం గర్వంగానే ఉంటుంది. ఎందుకో అడగొద్దు, నేను తవ్వింది లేదు.

దానికి ముందే అదే లోయలో బరాపసారస్ దొరికింది. కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు తీసుకెళ్ళి అక్కడ నిలబెట్టారు. బరా పా అంటే బెంగాలీలో పెద్ద కాలు. తొడ ఎముక ఒక్కటే 1.7 మీటర్లు ఉండడంతో ఆ పేరు వచ్చింది. 1961 టాగోర్ శతజయంతి సంవత్సరం కావడంతో టాగోరై అని ఆయన పేరు కూడా చేర్చారు. గణాంకాలు లెక్కపెట్టే సంస్థకి డైనోసార్లతో పనేంటో, ఆ కథ ఇంకోసారి. మహలనోబిస్ కాలంలో అలాంటివి జరిగేవి.

చెన్నూరు ఇదంతా విని, "మా అమ్మమ్మోళ్ళది ప్రాణహిత ఒడ్డే అక్కా. గక్కడ డైనోసార్లున్నయా?" అన్నాడు. ఉన్నాయన్నాను. "మాకు బడిల చెప్పనే లేదు" అన్నాడు. అంతే, కోటాసారస్ ఖాయమైంది.

చిక్కు ఆ సాయంత్రమే మొదలైంది. కోటాసారస్‌కి తల దొరకలేదు. పళ్ళు తప్ప పుర్రె లేదు. ఇది కోటాసారస్ ఒక్కదాని కష్టం కాదు. బరాపసారస్‌దీ అదే కథ. పొడుగు మెడల జాతి మొత్తానికీ ఈ గతే. శరీరం ఏనుగుల్ని మించి ఉంటుంది, పుర్రె మాత్రం చిన్నది, పల్చటి ఎముకలతో తేలిగ్గా కట్టినది. మెడకి దాని అతుకు గట్టిది కాదు. చచ్చాక ముందు ఊడిపోయేది అదే.

ఇది చెప్తే చెన్నూరు ఆశ్చర్యపోలేదు. "వరదొస్తే పశువులు కొట్టుకొస్తయి కదక్కా. నీళ్ళు తీసినంక పోయి చూస్తే మొండెం ఉంటది, తలకాయ ఉండది" అన్నాడు. నేను మూడు పేపర్లు చదివి తెలుసుకున్నది వాడు ఏటి ఒడ్డున చూసి ఉన్నాడు.

బిర్లా సెంటర్‌లో నిలబెట్టినదానికి తల ఉంది, చేసి పెట్టినది. మ్యూజియంలకి అది తప్పదు. అమెరికాలో పిట్స్‌బర్గ్ కార్నెగీ మ్యూజియంలో అపటోసారస్ కథ ఇంకా విచిత్రం. 1915లో నిలబెట్టారు. దాని దగ్గర్లో దొరికిన పుర్రె దానిదేనని డైరెక్టర్ హాలండ్ నమ్మాడు, కానీ అప్పటి పెద్దలు వేరే రకం తల ఉండాలన్నారు. ఆయన వాళ్ళ తలా పెట్టలేదు, తనదీ పెట్టలేదు. 1932లో చనిపోయేదాకా ఆ అస్థిపంజరం మొండెంగానే నిలబడింది. ఆయన పోయాక ఇంకో జాతి తల తెచ్చి తగిలించేశారు. హాలండ్ అన్నదే సరైందని తేలి తల మార్చింది 1979లో. అరవై ఏళ్ళకి పైగా పిల్లలు ముందు తల లేని బొమ్మని, తర్వాత తప్పు తల ఉన్న బొమ్మని చూస్తూ పోయారన్నమాట.

నేను హాలండ్ పార్టీ. తల వద్దు, మెడ చివర ఖాళీగా వదిలేసి, కింద ఒక చీటీ పెడదాం అన్నాను.

"ఏవే, అట్టముక్కల డైనోసార్‌కి కూడా నిజాలూ అబద్ధాలూ ఏంటే" అంది భీమవరం. "తల ల్యాకుంటే యాడ గుర్తుపడతార్రా జనాలు" అన్నాడు కడప. చెన్నూరు కాసేపు ఊరుకుని, "మొండానికి ఎవరు మార్కులేస్తరక్కా?" అన్నాడు, చాలా మెల్లగా. 40 వేల గురించి ఆ గదిలో ఎవరూ మాట్లాడలేదు గానీ అందరం దాని గురించే అనుకుంటున్నాం. నాకా డబ్బుతో పని లేదు. అది కూడా రాయాలి కదా.

తల సంగతి తర్వాత చూద్దాం, ముందు కాళ్ళు నిలబడనీ అని పని మొదలుపెట్టాం.

పాత పేపర్ల కొట్లో కిలో 14 రూపాయల లెక్కన అట్టపెట్టెలు కొన్నాం. ఎలక్ట్రానిక్స్ షోరూముల వెనక తిరిగి వాషింగ్ మెషీన్ పెట్టెలు ఫ్రీగా తెచ్చుకున్నాం. మూడు పొరల అట్ట పక్కటెముకలకి, ఐదు పొరలది కాళ్ళకీ నడుముకీ. ఐదు పొరలది సరిపడా దొరకలేదు. మైదా ఉడికించి లై చేసింది భీమవరం, పది లీటర్ల బకెట్ నిండా. ఫెవికాల్ కొనే స్తోమత లేక కాదు, లై ఆరాక కాగితం గట్టిపడి అట్ట కర్రలా అవుతుంది. సినిమా పోస్టర్లు అంటించేవాళ్ళకి ఎప్పట్నుంచో తెలిసిన సంగతే.

కోటాసారస్ పొడవు 9 మీటర్లని అంచనా. అంటే మా స్టూడియో గది ఈ చివరి నుంచి ఆ చివరికి. పోర్టికోలో నేలమీద చాక్‌పీసుతో పూర్తి సైజు గీశాం. మెడకి 13 వెన్నుపూసలు అనుకున్నాం. ఒక్కో పూసని నిలువు పలకలు, అడ్డ పలకలుగా కోసి, గాట్లు పెట్టి ఒకదాంట్లో ఒకటి దూర్చడం. కోడిగుడ్ల ట్రే మధ్యలో అడ్డాలుంటాయే, అలాగన్నమాట. చెన్నూరు కట్టర్ పట్టాడంటే కింద గచ్చు మీద గీత పడేది కాదు, అట్ట మాత్రం తెగేది. ఎలా అని అడిగితే నవ్వాడు.

ఇలాంటి జంతువుని కట్టేటప్పుడు కాళ్ళ గురించి పెద్దగా దిగులు పడక్కర్లేదు. సారోపాడ్ కాళ్ళు ఏనుగు కాళ్ళలాంటివి, ఒంటి కింద నిటారుగా స్తంభాల్లా ఉంటాయి. అలలు నిలువుగా పెట్టి గొట్టాల్లా చుడితే చాలు. ఏడిపించేది మెడ. నాలుగు కాళ్ళ మధ్య నుంచి బయటికి, ఏ ఆసరా లేకుండా అంత దూరం వెళ్ళాలి. ఆ జంతువు అసలెలా మోసింది? పూసల మీద నిలువుగా లేచిన ముళ్ళలాంటి ఎముకలుంటాయి, వాటి మీదుగా బలమైన స్నాయువులు పరుచుకుని మెడని వెనక్కి లాగి పట్టుకుంటాయి. పైన తాడు లాగుతుంది, కింద ఎముక ఒత్తిడి తట్టుకుంటుంది. మనం తీగల వంతెన అంటున్నది అదే. మేం సుతిలి వాడాం. మెడ చివర కట్టి, ప్రతి ముల్లు మీదుగా లాక్కొచ్చి నడుం దగ్గర ముడి. అవతల తోక బరువు. సుతిలి బిగించేకొద్దీ మెడ నేల మీద నుంచి కొంచెం కొంచెం లేస్తుంటే కడప అరిచిన అరుపుకి పక్క టీము వాళ్ళు పరుగెత్తుకొచ్చారు.

మొదటి రాత్రి వాన మొదలైంది. పోర్టికోకి కప్పు ఉంది, గోడల్లేవు. అట్ట తడవాల్సిన పని లేదు, గాల్లో తేమ చాలు. రాత్రి మూడింటికి ముందు కుడికాలు మోకాలి దగ్గర ముడుచుకుపోయింది. చప్పుడేమీ లేదు, ముసలాయన కూర్చున్నట్టు నెమ్మదిగా కూర్చుంది. మూడు పక్కటెముకలు విరిగాయి. అవతల ఒక టీ రెక్స్ పూర్తిగా కూలి, తెల్లారేసరికి ఆ టీము తప్పుకుంది. 12 మీటర్ల జంతువుని రెండు కాళ్ళ మీద అట్టతో నిలబెట్టాలనుకోవడం సాహసమే మరి.

మిగిలిన రాత్రంతా కాళ్ళు మళ్ళీ చుట్టాం. ఐదు పొరలది అయిపోయింది కాబట్టి మూడు పొరలది రెండేసి కలిపి. హాస్టల్ నుంచి హెయిర్ డ్రయర్లు తెచ్చి కాళ్ళు ఆరబెట్టాం. ఆర్కిటెక్చర్ చదివే అమ్మాయిల హాస్టల్లో ఎన్ని హెయిర్ డ్రయర్లుంటాయో ఆ రాత్రే తెలిసింది, పదకొండు.

రెండో రోజు మధ్యాహ్నానికి తల తప్ప అన్నీ ఉన్నాయి. మళ్ళీ అదే గొడవ. ఈసారి అందరికీ నిద్రలేదు కాబట్టి గొంతులు కూడా లేచాయి. భీమవరం నాతో ఒక గంట మాట్లాడలేదు. చెన్నూరు ఏమీ అనకుండా వాషింగ్ మెషీన్ పెట్టెని కోస్తూ కూర్చున్నాడు. చూస్తే తల చేస్తున్నాడు. నాకు కోపం వచ్చింది. వాడు తలెత్తకుండానే, "బిర్లాల మీరు చూపిచ్చింది కదక్కా, కొన్ని ఎముకల రంగు వేరేగుంటదని" అన్నాడు. అది నేను బిర్లాలో చూపించింది కాదు, ఫోన్లో ఏదో మ్యూజియం ఫొటో చూపిస్తూ చెప్పింది. దొరికిన ఎముకకీ, మనుషులు చేసి అతికించిన ఎముకకీ తేడా తెలియడానికి చాలాచోట్ల రంగు కొంచెం మారుస్తారు.

మేం అప్పటిదాకా అట్టల్ని అచ్చులేని వైపు బయటికి పెట్టి కట్టాం, ఒకే గోధుమరంగు వచ్చేలా. చెన్నూరు తలని తిరగేసి కట్టాడు. అచ్చు బయటికి. కంటి రంధ్రం పక్కన గొడుగు బొమ్మ. దవడ మీద గాజుగ్లాసు బొమ్మ. నుదుటి మీద 'హ్యాండిల్ విత్ కేర్'లో సగం. పళ్ళు మాత్రం గోధుమరంగు వైపు, అవి దొరికాయి కాబట్టి.

భీమవరం వచ్చి చూసి, "బానే ఉందిలే" అంది. నాతో కూడా మాట్లాడింది.

తల ఎక్కించాక సుతిలి ఇంకో రెండు చుట్లు బిగించాం. నిలబడింది. గంట కాదు, ఫెస్ట్ అయిపోయేదాకా నిలబడింది.

ఇద్దరు జడ్జీలు వచ్చారు. ఒకాయన సుతిలి మీద వేలితో మీటి చూసి, చాలాసేపు మెడ కిందే నిలబడ్డాడు. ఇంకొకాయన తల చూసి, "టైం సరిపోలేదా అమ్మా, ఫినిషింగ్ వదిలేశారు?" అన్నారు. చెన్నూరు ముందుకొచ్చి చెప్పాడు. నిలువు అట్ట, అడ్డం అట్ట గురించి మాట్లాడేటప్పుడు ఎంత ధైర్యంగా ఉంటాడో అంత ధైర్యంగానే చెప్పాడు: సార్, ఈ పళ్ళు దొరికినయి, ఈ తల దొరకలేదు, ఇది మేం అనుకున్న తల. ఆయన విన్నారు, తలూపారు, రాసుకున్నారు. ఏం రాసుకున్నారో సాయంత్రం మార్కుల షీటు అంటించినప్పుడు చూశాం. నిలబడినందుకు 38, ఎముకలకి 27, ఫినిషింగ్‌కి 17.

మొదటి బహుమతి వెలాసిరాప్టర్‌కి. సినిమా చూసి అది మనిషంత ఎత్తుంటుందని అందరం అనుకుంటాం. అసలుది టర్కీ కోడంత. తోకతో కలిపి 2 మీటర్లు, నడుం దగ్గర అర మీటరు. నిజమైన సైజు అన్నారు కదా అని ఆ టీము నిజంగానే నిజమైన సైజులో కట్టింది. మొదటి రాత్రే పని అయిపోయి హాయిగా పడుకుని, రెండో రోజంతా శాండ్‌పేపర్ పెట్టి ఒక్కో ఎముక అంచునీ నున్నగా రుద్దారు. ముంజేతి ఎముక మీద ఈకలు నాటుకున్న బుడిపెలుంటాయని 2007లో బయటపడింది, ఆ బుడిపెలు కూడా పెట్టారు. 86 మార్కులు. మాకు 82. నేను ఎంత వెతికినా అందులో వంక దొరకలేదు. తలని తిరగేసి కట్టి ఉంటే, అంటే అచ్చు లోపలికి పెట్టి ఉంటే, ఆ నాలుగు మార్కులు వచ్చేవా? భీమవరం వచ్చేవంటుంది. వచ్చేవనే నేనూ అనుకుంటాను. తల అలాగే ఉండాల్సిందని కూడా అనుకుంటాను. చెన్నూరు ఏమనుకున్నాడో ఆ రోజు అడగలేకపోయాను.

రెండో బహుమతి 15 వేలు మొత్తం వాడికే ఇద్దామని మేం ముగ్గురం ముందే మాట్లాడుకున్నాం. వాడు తీసుకోలేదు. "నాలుగో వంతే కదక్కా నాది" అని 3,750 లెక్కపెట్టుకున్నాడు. భీమవరం వాడి చొక్కా జేబులో మిగతా నోట్లు కుక్కి, "అప్పురా, అప్పు. వడ్డీతో ఇద్దువుగాని, నడు" అని మెస్ ఆఫీసుకి తీసుకెళ్ళింది. తక్కువపడ్డ 3,500 కడప ఎక్కడ తెచ్చాడో ఇప్పటికీ చెప్పడు. హాల్ టికెట్ వచ్చింది.

సోమవారానికల్లా పోర్టికో ఖాళీ చెయ్యమన్నారు. కోటాసారస్‌ని మళ్ళీ అదే పాత పేపర్ల కొట్టుకి మోశాం, కాళ్ళు విడిగా, పక్కటెముకలు విడిగా. మైదా అంటింది, తేమ పట్టింది, కిలో 8 కంటే ఇవ్వనన్నాడు. 92 కిలోలు తూగింది. 736 రూపాయలు. ఆ రాత్రి నలుగురం బిర్యానీ తిన్నాం. తల మాత్రం తూకానికి వెయ్యలేదు. చెన్నూరు దసరా సెలవులకి వెళ్తూ దాన్ని గోనెసంచిలో పెట్టి బస్సు టాప్ మీద కట్టించుకుని తీసుకెళ్ళాడు. అమ్మమ్మకి చూపించాలట.

2024లో ఒకరోజు ఆఫీసులో ఉండగా ఫోన్‌పే మోగింది. చెన్నూరు నుంచి 3,750. కింద 'కోటా' అని రాసి ఉంది. భీమవరానికీ కడపకీ కూడా వచ్చాయట, కడపకి ఆ 3,500 కలిపి. ఫోన్ చేస్తే, మొదటి జీతమని చెప్పాడు. వడ్డీ ఏదిరా అన్నాను, నవ్వాడు. తల ఏమైందని అడిగాను.

"అటక మీద పెట్టిననక్కా. రెండేండ్లు మంచిగనే ఉండె. తర్వాత వానకి కారింది, మెత్తగైంది. అమ్మ పొయ్యిల పెట్టింది." కాసేపాగి, "మళ్ళ చేస్తే మెడకి గూడ ఐదు పొరలదే పెడదామక్కా" అన్నాడు.